పలమనేరు–తిరుపతి టమోటా లోడుకి ఎలక్ట్రిక్ పికప్: బ్యాటరీ ఎన్ని యూనిట్లు, ఎంత బరువు, ఎంత ఖర్చు?

పలమనేరు_లోడు
డీజిల్ పికప్ ఉంది. ఖాళీ బరువు 1,700 కేజీలు, ఆర్‌సీలో మొత్తం బరువు 3,000. అంటే లోడు 1,300. పని ఒకటే, తిరుపతి నుంచి ఖాళీగా పలమనేరు పోయి టమోటా వేసుకుని దిగడం. పోను సుమారు 110 కిలోమీటర్లు, రాను 110. ఎలక్ట్రిక్ కిట్ గురించి ఒకచోట అడిగితే "యూనిట్‌కి 6 కిలోమీటర్లు వస్తుంది, 30 యూనిట్ల బ్యాటరీ చాలు, మధ్యలో ఒకసారి ఛార్జింగ్" అన్నారు. నెట్‌లో చూస్తే అమెరికా పికప్‌లకి 100, 130 యూనిట్లు. రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. ఎవరి మాట నమ్మాలో తెలీడం లేదు. సైజు, బరువు, ఖర్చు మనమే కాగితం మీద అంచనా వేసుకునే పద్ధతి చెప్పండి. కారు లెక్కలు వద్దు, లోడు బండి లెక్క కావాలి.

డీజిల్_సామి
30 యూనిట్లతో లోడేసుకుని దారిలో ఉన్న మొగిలి ఘాట్ ఎక్కు, టమోటాలే దిగి బండిని తోస్తాయి.

మొగిలిఘాట్
ఎక్కేది ఖాళీ బండి, లోడుతో దిగేది. చదివి రాయి సామీ. ఎలక్ట్రిక్‌కి ఇంతకంటే మంచి రూటు దొరకదు.

వోల్టుమీటరు
అమెరికా అంకెలు పక్కన పెట్టు. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌లో వాడుకోగలిగింది 98 లేదా 131 యూనిట్లు. హమ్మర్ ఈవీ పికప్‌లో 200 పైనే, దాని బ్యాటరీ ఒక్కటే సుమారు 1,300 కేజీలు. అంటే నీ టమోటా లోడంత. ఆ బండ్లు గంటకి 110, 120లో పోవాలి, వెనక ట్రైలర్ లాగాలి, మంచులో క్యాబిన్ వేడి చేయాలి. ఇటువైపు చూస్తే టాటా ఏస్ ఈవీ 2022లో 21.3 యూనిట్లతో వచ్చింది, దాని లోడు 600 కేజీలు. నీ బండి ఈ రెండింటికీ నడుమ ఉంటుంది, ఏస్‌కే దగ్గరగా.

(యూనిట్ అంటే కరెంటు బిల్లులో యూనిటే, కిలోవాట్ అవర్. "50 కిలోవాట్ బ్యాటరీ" అనే కొటేషన్ వస్తే అది సామర్థ్యమా, మోటారు పవరా అని ముందు అడగాలి. కొందరు కావాలనే కలిపేస్తారు.)

లెక్కలపుస్తకం
బండిని వెనక్కి లాగేవి మూడు: టైర్లు, గాలి, ఎత్తు. విడివిడిగా లెక్కేసి కూడితే సరి.

టైర్లు: బరువు × 9.81 × 0.012. మూడు టన్నులకి 353 న్యూటన్లు. టైర్లలో గాలి తగ్గితే ఆ 0.012 కాస్తా 0.015 అవుతుంది.

గాలి: 0.5 × 1.15 × 1.76 × వేగం × వేగం. 1.15 మన వేడికి గాలి సాంద్రత. క్రేట్లు పేర్చిన పికప్‌కి ఆకృతి గుణకం 0.55, ఎదురు వైశాల్యం 3.2 చదరపు మీటర్లు అనుకుంటే ఆ 1.76 వస్తుంది. వేగం సెకనుకి మీటర్లలో వేయాలి. 60లో పోతే 281 న్యూటన్లు, 80లో పోతే 500.

60 స్పీడులో రెండూ కలిపి 634 న్యూటన్లు. కిలోమీటరుకి 634 కిలోజౌళ్లు, దాన్ని 3,600తో భాగిస్తే 0.176 యూనిట్. మోటారు, కంట్రోలర్, గేరు, డిఫరెన్షియల్, ఆగి కదలడం, అన్నింటి నష్టానికీ 0.82తో భాగించు: 0.215. లైట్లకీ పంపులకీ అర కిలోవాట్ వేస్తే ఇంకో 0.008. మొత్తం 0.22. యూనిట్‌కి నాలుగున్నర కిలోమీటర్లు. 80లో ఇదే లెక్క వేస్తే 0.295, యూనిట్‌కి 3.4.

ఎత్తు: టన్ను బరువు 100 మీటర్లు ఎక్కడానికి 0.27 యూనిట్. మూడు టన్నులకి 0.82, నష్టాలతో దాదాపు 1. మూడు టన్నులు, వంద మీటర్లు, ఒక యూనిట్. ఇది నోటికి వస్తే ఏ ఘాట్ అయినా క్యాలిక్యులేటర్ లేకుండా చెప్పొచ్చు.

డీజిల్_సామి
అయితే అలిపిరి నుంచి తిరుమల కొండకి 7 యూనిట్లేనా?

వోల్టుమీటరు
సుమారు 700 మీటర్ల ఎత్తు కాబట్టి ఎత్తు వరకు 7. రోడ్డు పొడవుకి, 30 స్పీడులో, ఇంకో 3. మొత్తం పది యూనిట్లు మూడు టన్నుల బండికి. దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. 2022 నుంచి ఆ ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి కదా, వాటి బరువు ఎక్కువే గానీ లెక్క ఇదే.

మొగిలిఘాట్
నీ రూటుకి వేద్దాం. తిరుపతి ఎత్తు సుమారు 160 మీటర్లు, చిత్తూరు 330, పలమనేరు 680. నికరంగా ఎక్కేది 520 మీటర్లు.

పోయేటప్పుడు ఖాళీ బండి, బ్యాటరీతో కలిపి 1,900 కేజీలు అనుకో. 60 స్పీడులో కిలోమీటరుకి 0.18. 110 కిలోమీటర్లకి 20 యూనిట్లు, ఎత్తుకి 3. మొత్తం 23.

వచ్చేటప్పుడు 3,000 కేజీలు. 0.23 వేసుకుంటే 25 యూనిట్లు. దిగుడులో చేతికొచ్చే శక్తి లెక్కప్రకారం 4 పైచిలుకు, అందులో అరవై శాతం దక్కిందనుకో, రెండున్నర తీసెయ్. 23.

పోను 23, రాను 23. మొత్తం 46.

ఇప్పుడు 80లో వెయ్యి: పోయేటప్పుడు 31, వచ్చేటప్పుడు 30. మొత్తం 61. అందరూ ఘాట్‌కి భయపడతారు. ఘాట్ తినేది మూడు యూనిట్లు, పూతలపట్టు రోడ్డు మీద కాలు నొక్కితే పోయేది పదిహేను.

పలమనేరు_లోడు
పోనూ రానూ ఒకే లెక్క రావడం వింతగా ఉంది. లోడుకి తేడా రాదా?

మొగిలిఘాట్
వస్తుంది. సమానమైన రోడ్డు మీద లోడుకి కిలోమీటరుకి 0.04, 0.05 ఎక్కువ. దాన్ని దిగుడు భర్తీ చేసింది. రూటు తిరగేసి కింది నుంచి పైకి లోడు తోలితే పోను 30, రాను 18. మొత్తం పెద్దగా మారదు గానీ ఒక వైపు ప్రయాణానికి బ్యాటరీ పెద్దది కావాలి.

చంద్రగిరి_స్పానర్
ఫార్ములాలు రాని వాళ్లకి అడ్డదారి. లోడు బండిలో లీటరు డీజిల్ చేసే పనికి బ్యాటరీ నుంచి సుమారు 3 యూనిట్లు కావాలి. డీజిల్ లీటరులో 10 యూనిట్ల వేడి ఉంటుంది, ఇంజను అందులో పావు వంతుకి కాస్త పైన చక్రాల వైపు పంపుతుంది, మిగతాది రేడియేటర్‌కీ సైలెన్సర్‌కీ. నీ బండి 12 ఇస్తుందనుకుంటే 220 కిలోమీటర్లకి 18 లీటర్ల పైన, అంటే 55 యూనిట్లు. పైన వచ్చిన 46కీ 61కీ మధ్యలో పడింది చూడు. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ అదే బంకులో ఫుల్ చేయించి కొలువు. కంపెనీ చెప్పిన మైలేజీ వేయకు.

లెక్కలపుస్తకం
@చంద్రగిరి_స్పానర్ బాగుంది. నేనిచ్చిన 0.012, 1.76 కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు, బండితోనే సరిచూసుకోవచ్చు. సమానంగా ఉన్న, రద్దీ లేని రోడ్డు మీద ఫుల్ లోడుతో 60 దాటించి న్యూట్రల్ చెయ్యి. 60 నుంచి 50కి పడడానికి ఎన్ని సెకన్లో స్టాప్‌వాచ్‌తో పక్కవాడు చూడాలి. రెండు దిక్కులా చేసి సగటు తీయి. నా అంకెల ప్రకారం 14 సెకన్లు రావాలి. 11 వస్తే బండి బరువుగా ఈడుస్తోంది, ఖర్చు కూడా ఆ మేరకే, పావు వంతు పైన పెరుగుతుంది. ముందు బ్రేకు డ్రమ్ములు పట్టుకుంటున్నాయేమో, బేరింగులు, టైర్ల గాలి చూసుకో. అవి సరిచేయడం బ్యాటరీ పెంచడం కంటే చవక. ఇంజను ఆపి చేయకు, బ్రేకు బూస్టర్ పనిచేయదు.

పాకాల_ప్యాసింజర్
46 యూనిట్లు కావాలంటే 46 యూనిట్ల బ్యాటరీ. అయిపోయింది కదా?

వోల్టుమీటరు
అయిపోలేదు. మూడు కోతలు ఉన్నాయి.

మొదటిది, పైనా కిందా కలిపి పది శాతం బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే కంట్రోల్ సర్క్యూట్) వాడనివ్వదు. రెండోది, బ్యాటరీ జీవితం చివర 80 శాతమే మిగులుతుంది. కొన్న రోజుకి కాకుండా ఆ చివరి సంవత్సరానికి సైజు చూసుకోవాలి. మూడోది, ఎదురుగాలి, వాన, దారి మళ్లింపులకి పది శాతం.

1.1 ÷ (0.9 × 0.8) = 1.53. అవసరాన్ని దీంతో హెచ్చించు. పోను రాను ఛార్జింగ్ లేకుండా అంటే 46 × 1.53 = 70 యూనిట్లు. పలమనేరులో ఛార్జింగ్ ఉంటే 23 × 1.53 = 35. నీకు చెప్పిన 30 కొత్తలో నడుస్తుంది, నాలుగేళ్ల తర్వాత చిత్తూరు దాటాక మీటరు వంక చూస్తూ తోలాలి.

పాకాల_ప్యాసింజర్
70 కొట్టించెయ్. పీడా పోతుంది.

కరకంబాడి_కరెంట్
పీడ పోదు, లోడు పోతుంది. బరువు లెక్క చూడండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్‌ఎఫ్‌పీ: సెల్ వరకు కేజీకి 165 వాట్ అవర్లు. పెట్టె, బస్‌బార్లు, కూలింగ్ ప్లేట్లు, కాంటాక్టర్లు, వైరింగ్ అన్నీ కలిపితే కేజీకి 120కి దిగుతుంది. కొటేషన్‌లో 160 అని ఉంటే సెల్ అంకె చూపిస్తున్నారని అర్థం.

70 యూనిట్లు: 580 కేజీలు
48 యూనిట్లు (70కీ 35కీ మధ్య సైజు): 400 కేజీలు
35 యూనిట్లు: 290 కేజీలు

బండిలోంచి తీసేవి: ఇంజను, గేర్‌బాక్స్, నిండు ట్యాంకు, సైలెన్సర్, రేడియేటర్ కలిపి 350 కేజీల దాకా. పెట్టేవి: మోటారు, రిడక్షన్ గేరు, కంట్రోలర్, ఛార్జర్, డీసీ కన్వర్టర్ 130. బ్యాటరీ లేకుండా బండి 1,480 కేజీలు. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 దాటదు, అది పెంచివ్వరు. కాబట్టి లోడు 70కి 940, 48కి 1,120, 35కి 1,230.

క్రేటు 25 కేజీలు అనుకుంటే 70 యూనిట్ల బ్యాటరీ వేసినందుకు ప్రతి ట్రిప్పుకీ 14 క్రేట్లు నేల మీదే మిగులుతాయి. 48కి 7. క్రేటుకి 30 రూపాయల బాడుగ వేసుకున్నా 70 యూనిట్ల మీద రోజుకి 420 నష్టం. ఆ డబ్బుతో దారిలో ఛార్జింగే చేయించుకోవచ్చు.

డీజిల్_సామి
ఆర్‌సీ బరువుకే లోడు వేసే పికప్ ఈ జిల్లాలో ఎక్కడుందో చూపించండి, దండం పెట్టుకుని వస్తాను.

కరకంబాడి_కరెంట్
డీజిల్‌లో ఓవర్‌లోడు వేస్తే స్ప్రింగులు, క్లచ్ పోతాయి. ఇక్కడ అదనంగా బ్యాటరీ కింద వేలాడుతూ ఉంటుంది, స్ప్రింగులు కుంగితే స్పీడ్ బ్రేకరుకి పెట్టె తగులుతుంది. ఇంకోటి, ఇంజను తీస్తే ముందు యాక్సిల్ తేలికవుతుంది, బ్యాటరీ మధ్యలోకో వెనక్కో పోతుంది. వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడిగా తూకం వేయించు, ఖాళీగానూ లోడుతోనూ. ముందు బరువు మరీ తగ్గితే వానలో స్టీరింగ్ పట్టు ఉండదు. బ్యాటరీలో మూడో వంతు బానెట్ కింద పెట్టే కిట్లు అందుకే.

పుంగనూరు_పాలు
బరువే సమస్యయితే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం లిథియం) పెట్టుకోవచ్చు కదా. పెట్టెతో కలిపి కేజీకి 160 వస్తుంది. 48 యూనిట్లు 300 కేజీలే. నాలుగు క్రేట్లు మిగులుతాయి.

వోల్టుమీటరు
మే నెల రేణిగుంట రోడ్డు మీద వద్దు. ఎల్‌ఎఫ్‌పీ రెండున్నర, మూడు వేల సైకిళ్లు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) ఇచ్చే చోట ఎన్‌ఎంసీ దాంట్లో సగం అనుకో. వేడెక్కి మంట దాకా పోయే ఉష్ణోగ్రత కూడా ఎన్‌ఎంసీకి తక్కువ. కార్లకి సరే, రోజూ పూర్తిగా వాడి పూర్తిగా నింపే బాడుగ బండికి నాలుగు క్రేట్ల కోసం ఆ బేరం చేయను.

పుంగనూరు_పాలు
ఏడాదికి 300 ట్రిప్పులైతే ఎన్‌ఎంసీ కూడా నాలుగేళ్లు వస్తుంది. అప్పటికి బ్యాటరీ ధర ఇంకా పడుతుంది. నాకైతే అదే నయం అనిపిస్తుంది.

వోల్టుమీటరు
ధర పడుతుందని నమ్మి మార్చుకోవచ్చు. కానీ అప్పుడు అదే సైజు, అదే వోల్టేజి, అదే బీఎంఎస్ భాషలో పెట్టె దొరకాలి. అక్కడే చాలామంది ఇరుక్కుంటారు.

డీజిల్_సామి
ఊళ్లోనే దొరికే లెడ్ యాసిడ్ పెట్టుకుంటే పోలా?

లెక్కలపుస్తకం
కేజీకి 35 వాట్ అవర్లు. 48 యూనిట్లకి 1,370 కేజీలు, అందులో సగమే వాడుకోవాలి. పలమనేరు నుంచి బ్యాటరీలే తోలుకుని తిరుపతిలో అమ్ముకో.

పాకాల_ప్యాసింజర్
రేణిగుంట పక్కన లిథియం సెల్ ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడి నుంచి సెల్స్ తెచ్చి మనమే కట్టుకోలేమా?

కరకంబాడి_కరెంట్
2022లో మొదలైనప్పుడు అక్కడ చేసింది పవర్ బ్యాంకులకి వాడే 10 ఆంపియర్ అవర్ సెల్స్. ఒక్కోటి 37 వాట్ అవర్లు. నీకు 1,300 సెల్స్ కావాలి, ఒక్కోదానికి రెండు వెల్డింగులు. ఒక్కటి వదులైనా అక్కడే వేడెక్కుతుంది. బండికి పెద్ద ప్రిస్మాటిక్ (డబ్బా ఆకారం) సెల్సే సరి.

వోల్టుమీటరు
సెల్స్ విషయం వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. సోలార్ వాళ్ల దగ్గర 280 ఆంపియర్ అవర్ సెల్స్ బాగా దొరుకుతాయి, 3.2 వోల్టులు, ఒక్కోటి 0.9 యూనిట్, 5.4 కేజీలు. 50 పేర్చితే 45 యూనిట్లు, చూడడానికి సుబ్బరంగా ఉంటుంది. కానీ వోల్టేజి 160 మాత్రమే. 60 కిలోవాట్ తీయాలంటే 375 ఆంపియర్లు, కేబుల్ బొటనవేలంత లావు కావాలి. పైగా హైవేల మీది సీసీఎస్ 2 రకం ఫాస్ట్ ఛార్జర్లు చాలావరకు 200 వోల్టుల కింద అసలు మొదలవవు. 150 ఆంపియర్ అవర్ సెల్స్ 100 వరసగా పెట్టించు. 320 వోల్టులు, 48 యూనిట్లు, 60 కిలోవాట్‌కి 190 ఆంపియర్లు.

చంద్రగిరి_స్పానర్
మోటారు సంగతి కూడా అడగండి. లోడుతో ఆరు శాతం ఎక్కుడులో 40 స్పీడుకి బ్యాటరీ నుంచి 29 కిలోవాట్ కావాలి. కాబట్టి నిరంతరంగా 30, క్షణకాలం 60 ఇచ్చే మోటారు చాలు. అసలు తిప్పలు ఆగి ఉన్న చోట నుంచి కదిలేటప్పుడు. పదిహేను శాతం ఎక్కుడులో చక్రం దగ్గర 1,620 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. 250 టార్క్ మోటారుని నేరుగా పాత డిఫరెన్షియల్‌కి (4.1) తగిలిస్తే వెయ్యే వస్తుంది, బండి కదలదు, కంట్రోలర్ వేడెక్కి కట్ అవుతుంది. మధ్యలో రెండింతల రిడక్షన్ గేరు ఉండాలి. మొత్తం నిష్పత్తి 8 అయితే 80 స్పీడులో మోటారు 5,000 చుట్లు, ఇబ్బంది లేదు.

మొగిలిఘాట్
ఇప్పుడు నీ రూటులో ఉన్న ప్రమాదం. పలమనేరులో బ్యాటరీ వంద శాతం నింపి, లోడు వేసి బయలుదేరావనుకో. ఘాట్ దిగుడు వచ్చేసరికి బ్యాటరీలో ఇంకా చోటు ఉండదు. బీఎంఎస్ రీజెన్‌ని (మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీ నింపడాన్ని) ఆపేస్తుంది. ఇంజను బ్రేకింగ్ అలవాటున్న డ్రైవరు కాలు తీస్తే బండి ఆగదు, జారుకుంటూ పోతుంది. మూడు టన్నులు డ్రమ్ముల మీదే పడతాయి. పలమనేరులో 90 దగ్గర ఆపెయ్. ఆ పది శాతం నీకు అక్కర్లేదు కూడా.

బ్రేకు బూస్టర్‌కి ఎలక్ట్రిక్ వాక్యూం పంపు తప్పనిసరి, దానికి ట్యాంకు, తక్కువైతే మోగే బజర్ ఉన్నాయో లేదో చూడు. ఇంజను లేదు కాబట్టి వాక్యూం ఊరికే రాదు.

పుంగనూరు_పాలు
ఎల్‌ఎఫ్‌పీని ఎప్పుడూ 90లో ఆపితే మీటరు అబద్ధాలు చెప్తుంది కదా?

వోల్టుమీటరు
చెప్తుంది. దాని వోల్టేజి 30 నుంచి 90 శాతం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది, బీఎంఎస్ కరెంటు లెక్కపెట్టి శాతం చెప్తుంది, ఆ తప్పు రోజూ పేరుకుంటుంది. వారానికి ఒకసారి తిరుపతిలో రాత్రి నిండా ఛార్జ్ పెట్టి, నిండాక గంట సేపు వదిలెయ్. సెల్స్ సమం అవుతాయి, మీటరు సరిపడుతుంది. పొద్దున పోయేది ఖాళీగా, ఎక్కుడు. రీజెన్ గొడవ లేదు.

పలమనేరు_లోడు
అయితే 48 దగ్గర ఆగుదాం. పలమనేరులో లోడింగ్‌కి గంటన్నర పడుతుంది. సరిపోతుందా? ఖర్చు లెక్క కూడా ఎవరైనా వేయండి.

లెక్కలపుస్తకం
పలమనేరులో నింపాల్సింది 23 యూనిట్లు. 30 కిలోవాట్ డీసీ (ఫాస్ట్ ఛార్జర్) అయితే 50 నిమిషాలు. 11 కిలోవాట్ త్రీఫేజ్ అయితే రెండు గంటలు దాటుతుంది. 7.2 అయితే మూడు గంటల పైన. ఛార్జర్ చెడిపోయి ఉంటే? కొత్త బ్యాటరీలో 43 వాడుకోవచ్చు, 50 స్పీడులో పోనూ రానూ 39 చాలు. ఇల్లు చేరతావు. పాతబడ్డాక చేరవు.

ఖర్చు: ప్రపంచ సగటు ప్యాక్ ధర 2024లో యూనిట్‌కి 115 డాలర్లు అన్నది బ్లూంబర్గ్ లెక్క, అంటే అప్పట్లో పది వేల లోపు. అది వేలల్లో కొనే కంపెనీలకి. ఒకటి కొనేవాడు 15 వేలు వేసుకోవాలి. 48 × 15,000 = 7.2 లక్షలు, దాని మీద జీఎస్టీ 18 శాతం, 8.5 లక్షలు. (కొత్త ఎలక్ట్రిక్ బండి మొత్తంగా కొంటే జీఎస్టీ 5 శాతమే. బ్యాటరీ విడిగా కొంటేనే 18.) మోటారు, కంట్రోలర్, ఛార్జర్ వగైరా 3 లక్షలు, లిక్విడ్ కూలింగ్ 50 వేలు. 12 లక్షలు.

ట్రిప్పుకి డీజిల్ 18 లీటర్ల పైన, లీటరు 97 వేస్తే సుమారు 1,800. కరెంటు: ఛార్జింగ్ నష్టంతో 51 యూనిట్లు. సగం ఇంటి దగ్గర 8 రూపాయలకి, సగం బయట డీసీలో 20కి అనుకుంటే 715. మిగిలేది 1,100. నెలకి 25 ట్రిప్పులైతే 27 వేలు.

డీజిల్_సామి
12 లక్షలకి వడ్డీ ఎవరు కడతారు? 11 శాతం వేస్తే మొదటి ఏడాది నెలకి 11 వేలు అక్కడికే. ఏడు క్రేట్ల బాడుగ ఇంకో 5 వేలు. మిగిలింది 11 వేలు. అసలు తీరేసరికి బ్యాటరీ పాతదవుతుంది. నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

కరకంబాడి_కరెంట్
ఈసారి సామి మాట కొట్టేయలేం. కానీ ఆ లెక్కలో కదిలించగలిగిన అంకె ఒకటుంది, పలమనేరులో 20 రూపాయల కరెంటు. అక్కడ లోడు ఎత్తే మండీ దగ్గర ఈవీ మీటరు తీసుకుని 11 కిలోవాట్ పాయింటు పెట్టించగలిగితే కరెంటు ఖర్చు 410కి పడుతుంది, మిగిలేది 1,400. నెలకి ఎనిమిది వేలు ఎక్కువ. లోడింగ్ కంటే ముప్పావు గంట ఎక్కువ ఆగాలి, లేదా 15 యూనిట్లు మాత్రం నింపుకుని రావాలి. పోయేసరికి ఇరవై మిగిలే ఉంటాయి కాబట్టి అది చాలు.

పాకాల_ప్యాసింజర్
పక్కనే పొలంలో బోరు మోటారు కనెక్షన్ ఉంటే ఆ కరెంటు ఊరికే కదా 😀

కరకంబాడి_కరెంట్
వ్యవసాయ కనెక్షన్ మీద బండి పెడితే కేసు అవుతుంది, రైతు కనెక్షన్ కూడా పోతుంది. కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ ఆఫీసు ఉన్న ఊరి నుంచి వచ్చి అడిగే ప్రశ్నేనా ఇది.

చంద్రగిరి_స్పానర్
ఇంత లెక్కా వేసి ఒకటి మర్చిపోతున్నారు. కిట్ కి ఏఐఎస్ 123 (పాత బండిని ఎలక్ట్రిక్‌కి మార్చే కిట్ల ప్రమాణం) ప్రకారం నీ మోడల్ బండికే ఆమోదం ఉండాలి. ఒక మోడల్‌కి తెచ్చిన సర్టిఫికెట్ ఇంకో మోడల్‌కి పనికిరాదు. బ్యాటరీకి ఏఐఎస్ 038 రెండో సవరణ. ఏఐఎస్ 156 కాగితం చూపిస్తే అది టూవీలర్లకీ ఆటోలకీ, నీకు కాదు. ఇవి లేకుండా ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీలో ఇంధనం మారదు, ఇన్సూరెన్సు రాదు. ఇంట్లో కట్టుకునే బ్యాటరీ కథలన్నీ అక్కడితో ముగుస్తాయి.

కొటేషన్‌లో రాయించుకోవాల్సినవి: మొత్తం యూనిట్లు, వాడుకోగలిగిన యూనిట్లు విడివిడిగా. పెట్టెతో సహా బరువు. 80 శాతానికి ఎన్ని సైకిళ్లు, ఏ ఉష్ణోగ్రతలో. 25 డిగ్రీల అంకె మనకి పనికిరాదు. వారంటీ ఏళ్లకా, కిలోమీటర్లకా, ఏది ముందొస్తే అదా. ఒక్క సెల్ పోతే మాడ్యూల్ మారుస్తారా, పెట్టె మొత్తం మార్చమంటారా.

పలమనేరు_లోడు
సెకండ్ హ్యాండ్ కారు బ్యాటరీ చవగ్గా వస్తుందని ఇంకొకరు అన్నారు. అది కూడా ఆ సర్టిఫికెట్ గోలలోకే వస్తుందా?

వోల్టుమీటరు
వస్తుంది. సర్టిఫికెట్ లేకపోయినా, మిగిలిన సామర్థ్యం మీటరు చూసి తెలీదు, నిండా నింపి నిండా ఖాళీ చేసి కొలవాలి. కొలవనిచ్చే అమ్మకందారు ఉంటే నాకూ చెప్పు.

కూలింగ్ మీద ఒక మాట. పోతూ ఉన్నంతసేపూ ఎయిర్ కూలింగ్ చాలు, కరెంటు తక్కువ. వేసవి మధ్యాహ్నం 110 కిలోమీటర్లు పోయి, వేడిగా ఉన్న సెల్స్‌ని వెంటనే 30 కిలోవాట్ మీద పెడితే 45 డిగ్రీలు దాటుతాయి, బీఎంఎస్ 10 కిలోవాట్‌కి దించేస్తుంది, నీ 50 నిమిషాలు రెండు గంటలవుతాయి. ఆ 50 వేలు లిక్విడ్ కూలింగ్‌కి పెట్టేది అందుకు. స్లో ఛార్జింగే అయితే అది మానుకుని ఆ డబ్బు ఛార్జింగ్ పాయింటుకి పెట్టు.

పలమనేరు_లోడు
మండీ వాళ్లతో మీటరు గురించి మాట్లాడతాను. అది కుదిరితే 48, స్లో ఛార్జింగ్, లిక్విడ్ లేకుండా. కుదరకపోతే డీజిల్‌లోనే ఇంకో రెండేళ్లు. 30 యూనిట్ల వాళ్లని వాడుకోగలిగిన యూనిట్లు రాసిమ్మని అడిగాను, ఇంకా పలకలేదు.

డీజిల్_సామి
పలకరు.

మొగిలిఘాట్
కంట్రోలర్‌లో టాప్ స్పీడు 65కి కట్టించు. డ్రైవరుకి చెప్పి లాభం లేదు.

పుంగనూరు_పాలు
ఇదే పద్ధతిలో నాదీ చూడండి. పాల వ్యాను, లోడుతో రెండున్నర టన్నులు, 90 కిలోమీటర్లు, 60 చోట్ల ఆగుతుంది, 40 మించి పోదు. అన్నిసార్లు ఆగితే బ్యాటరీ ఎంత పెంచాలి?

లెక్కలపుస్తకం
దాదాపు పెంచక్కర్లేదు. 40లో రెండున్నర టన్నుల బండిలో ఉండే చలన శక్తి 0.043 యూనిట్. ఆగినప్పుడు రీజెన్‌లో సగం దాకా తిరిగొస్తుంది. ఆగిన ప్రతిసారీ పోయేది 0.025 లోపు, 60 సార్లకి ఒకటిన్నర యూనిట్. రోడ్డుకి కిలోమీటరుకి 0.16 చొప్పున 14న్నర. మొత్తం 16, దాన్ని 1.53తో హెచ్చిస్తే 24 యూనిట్లు, 200 కేజీలు. నువ్వు తీసే ఇంజను సామాను ఆ బరువు ఉంటే పాల క్యాను ఒక్కటి కూడా తగ్గదు. పొద్దున తొమ్మిదికి తిరిగొస్తే సాయంత్రం దాకా మామూలు 3.3 కిలోవాట్ ప్లగ్గు చాలు. ఒక్కటి చూసుకో, ఊళ్లలో మట్టి రోడ్డు ఎంత శాతం ఉంది? మట్టి మీద ఆ 0.012ని 0.02 వేసి మళ్లీ లెక్కెయ్.